వెనకబడిన దేశాలా, వెనక్కి నెట్టిన దేశాలా?

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. ఎంఏ సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వర్ధమాన దేశాల సమాజం మీద ఒక పెద్ద వ్యాసం రాయాలి. రెండు నెలలుగా ఒకే చోట గిరగిరా తిరుగుతున్నాను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పాఠంలో రెండు సిద్ధాంతాలు పక్కపక్కన పెట్టి చెబుతారు. ఒకటి ఆధునికీకరణ సిద్ధాంతం: పేద దేశాల్లో పెట్టుబడి లేదు, చదువు లేదు, సంస్థలు గట్టిగా లేవు, అవి సమకూరితే వాళ్లూ ముందుకొస్తారు. రెండోది పరాధీనతా సిద్ధాంతం: ధనిక దేశాలు సంపన్నమైన తీరే మిగతావాటిని పేదగా ఉంచింది. చివర్లో ‘రెండింటిలోనూ కొంత నిజం ఉంది’ అని పాఠం ముగుస్తుంది. నాకది మింగుడుపడటం లేదు. కొంత అంటే ఎంత? ఎక్కడ ఏది?

అసలు మాటలే చూడండి. ‘వెనకబడిన’ అంటే ఎవరూ ఏమీ చేయకుండా తమంతట తామే వెనక ఉండిపోయినట్టు. ‘అభివృద్ధి చెందుతున్న’ అంటే ఆగకుండా నడుస్తున్నట్టు. ‘వర్ధమాన’ కూడా అంతే, పెరుగుతూ ఉన్నది అనే. డెబ్బై ఏళ్లుగా అదే వర్తమాన కాలం. కొన్ని దేశాల నడక ఆగిపోయింది, కొన్ని వెనక్కి నడిచాయి, మాట మాత్రం మారలేదు.

ఒక దేశం పేదరికానికి కారణం లోపల వెతకాలా, బయట వెతకాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతబెంచీ

అమ్మా, మాటల దగ్గర మొదలుపెట్టావు, మంచి పని చేశావు. ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను కాబట్టి ఆ మాటల పుట్టుక కొంచెం చెబుతాను.

1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ట్రూమన్ తన ప్రసంగంలో ప్రపంచంలో సగానికి పైగా జనం ఉన్న ప్రాంతాలను ‘అభివృద్ధి కొరవడిన’ ప్రాంతాలు అన్నాడు. అప్పటిదాకా వలసలుగా, తమ తమ పేర్లతో ఉన్న వందలాది సమాజాలు ఆ మాటతో ఒకే వరుసలోకి వచ్చేశాయి. 1952లో ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ సోవీ ‘మూడో ప్రపంచం’ అన్నాడు. ఇప్పుడు దాన్ని మూడో తరగతి అన్నట్టు వాడుతున్నారు గానీ ఆయన మనసులో ఉన్నది వేరు. ఫ్రెంచి విప్లవానికి ముందు ఏ హక్కూ లేని సామాన్య జనాన్ని ‘మూడో వర్గం’ అనేవాళ్లు. ఆ వర్గంలాగే ఈ దేశాలూ తమకంటూ ఒక చోటు కోరుకుంటున్నాయని ఆయన భావం. అందులో జాలి లేదు, హెచ్చరిక ఉంది.

1960లో అమెరికా ఆర్థికవేత్త రోస్టో ఐదు దశల నిచ్చెన వేశాడు. సంప్రదాయ సమాజం దగ్గర బయల్దేరి భారీ వినియోగం దాకా. ప్రతి దేశమూ అదే నిచ్చెన ఎక్కాలి, కొందరు ముందు ఎక్కారు, కొందరు తర్వాత ఎక్కుతారు. ఈ ఊహలో నాకు కనిపించే లోపం ఒక్కటే: నిచ్చెన దిగడం అనేది అందులో లేదు.

దిగినవాళ్లు ఉన్నారు. జాంబియా సంగతి చూడు. 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి రాగి గనులున్న కాపర్‌బెల్టులో కూలీ స్థిరమైన జీతగాడయ్యాడు, పట్టణాలు పెరుగుతున్నాయి. ఆఫ్రికా ఆధునికమవుతోందని చెప్పాలంటే ఆ రోజుల్లో జాంబియానే చూపించేవాళ్లు. 1970ల మధ్యలో రాగి ధర కూలింది. 1980లలో జేమ్స్ ఫెర్గూసన్ అనే మానవశాస్త్రవేత్త కిట్వే పట్టణంలో ఉండి పరిశోధన చేశాడు. అక్కడి గని కార్మికులు ఆయనకు ఇంకా చేరని ఆధునికత గురించి చెప్పలేదు, చేతికందినట్టే అంది జారిపోయినదాని గురించి చెప్పారు. ఎక్కి దిగినవాడి బాధ ఎక్కనివాడి బాధ లాంటిది కాదు. మన సిద్ధాంతాల్లో దానికి పేరు కూడా లేదు.

లెక్కలపిచ్చి

కొత్తచిగురు గారూ, కారణాల జోలికి వెళ్లే ముందు తేడా ఎంత ఉందో, ఎటు కదిలిందో చూడటం మేలు. క్లుప్తంగా చెబుతాను.

19వ శతాబ్దం మొదట్లో మనిషికీ మనిషికీ ఉన్న ఆదాయ తేడాలో పెద్ద భాగం ఒకే దేశంలోని ధనిక, పేదల మధ్య ఉండేది. దేశానికీ దేశానికీ సగటున తేడా అంత లేదు. 20వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఇది తారుమారైంది. నువ్వు ఏ కులీన కుటుంబంలో పుట్టావు అన్నదానికంటే ఏ సరిహద్దు లోపల పుట్టావు అన్నది ముఖ్యమైపోయింది. ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ లెక్క ప్రకారం ప్రపంచ జనం ఆదాయాల మధ్య తేడాలో సగానికి మించి ఏ దేశంలో ఉన్నారు అన్న ఒక్క విషయంతోనే వివరించవచ్చు. చదువు, కష్టం, తెలివి అన్నీ మిగిలిన భాగంలో సర్దుకోవాలి. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోవైపు మంచి వార్త కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1990లో దాదాపు 200 కోట్ల మంది కటిక పేదరికంలో ఉంటే 2019 నాటికి 70 కోట్ల దగ్గరికి తగ్గారు. (ఈ లెక్క వేసిన గీత రోజుకు 2.15 డాలర్లు. బ్యాంకులో మార్చుకునే డాలరు కాదిది, ఆయా దేశాల కొనుగోలు శక్తికి సరిచేసిన డాలరు. 2025లో గీతను 3 డాలర్లకు జరిపాక లెక్క మళ్లీ 80 కోట్లు దాటింది. గీత ఎక్కడ గీస్తే పేదలు అంతమంది!) ఈ తగ్గుదలలో సింహభాగం చైనాది. నాలుగు దశాబ్దాల్లో అక్కడ 80 కోట్ల మందికి దగ్గరగా ఆ గీత దాటారు.

అందువల్ల దేశాల మధ్య తేడా కొంత తగ్గింది, చాలా దేశాల్లో లోపలి తేడా పెరిగింది. 2021 నాటి అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో కింది సగం చేతిలో ఉన్న సంపద మొత్తంలో 2 శాతం, పై పది శాతం చేతిలో 76 శాతం.

ఎర్రమట్టి

లెక్కలు సరే. ఆ సరిహద్దులు ఎవరు గీశారు, గీతకు ఇటువైపు ఎందుకు ఖాళీ అయింది అన్నది చెప్పకపోతే అది వాతావరణ సూచనలా వినిపిస్తుంది.

హైతీ తీసుకోండి. బానిసలు తిరగబడి, ఫ్రాన్సును ఓడించి 1804లో స్వతంత్ర దేశం కట్టుకున్నారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, మిమ్మల్ని గుర్తించాలంటే మా తోటల యజమానులకు జరిగిన నష్టం కట్టండి అంది. 15 కోట్ల ఫ్రాంకులు. ఆ నష్టంలో ఆ మనుషులే, వాళ్ల శరీరాలే ఒక పద్దు. తమ స్వేచ్ఛను తాము గెలుచుకున్నాక మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. మొదటి కిస్తీ కట్టడానికే ఫ్రెంచి బ్యాంకుల దగ్గర అప్పు చేశారు. అప్పుకు అప్పు పుట్టి, ఆఖరి బాకీలు తీరింది 1947లో. నూట ఇరవై రెండేళ్లు. ఒక దేశం బడులు, రోడ్లు, ఆసుపత్రులు కట్టుకోవలసిన కాలమంతా అదే.

దీన్ని ‘సంస్థలు గట్టిగా లేవు’ అని రాస్తే అది అబద్ధం కాదు. సగం వాక్యం అంతే.

నేలచూపు

ఎర్రమట్టి గారూ, హైతీ విషయంలో మీతో వాదన లేదు. కానీ ఒక దారుణమైన ఉదాహరణ తీసుకుని ప్రపంచమంతటికీ వర్తింపజేయడం తేలిక.

దక్షిణ కొరియా కూడా వలసే, 1910 నుంచి 1945 దాకా జపాను కింద నలిగింది. తర్వాత యుద్ధంలో బూడిదైంది. 1950ల చివర ఘనా, దక్షిణ కొరియా తలసరి ఆదాయాలు దగ్గర దగ్గరగా ఉండేవి. 1996లో కొరియా ధనిక దేశాల కూటమి అయిన ఓఈసీడీలో చేరింది. బోట్స్వానా 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాది వజ్రాలు దొరికాయి. వజ్రాలు దొరికిన మరికొన్ని దేశాలు అంతర్యుద్ధాల్లో కాలిపోతే బోట్స్వానా ఎన్నికలు జరుపుకుంటూ, గనుల ఆదాయంతో బడులు కట్టింది. ప్రపంచ మార్కెట్టు ఇద్దరికీ ఒకటే కదా. తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

కాంగోలో మొబుటు 1965 నుంచి 1997 దాకా ముప్పై రెండేళ్లు దేశాన్ని సొంత ఖజానా చేసుకున్నాడు. హైతీలో డువాలియేలు, తండ్రీ కొడుకులు, 1957 నుంచి 1986 దాకా. వీళ్లను వదిలేసి 1825 దగ్గరే ఆగిపోతే ఆ దేశాల జనం మీద జరిగిన నేరంలో సగం మాఫీ చేసినట్టే. ‘అంతా బయటివాళ్లే చేశారు’ అనే మాట నియంతలకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. అలాంటి పాలనలోనే నేను పెరిగాను. జీతాలు అందని నెలల్లో రేడియోలో విదేశీ కుట్ర గురించి ప్రసంగాలు వచ్చేవి.

ఎర్రమట్టి

> ప్రపంచ మార్కెట్టు ఇద్దరికీ ఒకటే కదా.

ఒకటి కాదు సార్. ప్రచ్ఛన్న యుద్ధంలో కొరియా ముందు వరుస. అమెరికా సాయం ధారాళంగా వచ్చింది, అమెరికా మార్కెట్టు తెరుచుకుంది, కొరియా తన పరిశ్రమలకు రక్షణ గోడలు కట్టుకుంటే చూసీచూడనట్టు ఊరుకున్నారు. పైగా 1950 ప్రాంతంలో భూసంస్కరణ జరిగి పాత భూస్వాముల వెన్ను విరిగింది. ఆ పని చేయబోయిన గ్వాటెమాలాలో ఏం జరిగింది? 1952లో అధ్యక్షుడు అర్బెంజ్ భూచట్టం తెచ్చాడు, 1954లో సీఐఏ నడిపిన కుట్రలో గద్దె దిగిపోయాడు. అదే సంస్కరణ ఒకచోట దీవెన, ఇంకోచోట నేరం.

మొబుటు అంటారా. అతన్ని నిలబెట్టిందెవరు? ఎన్నికైన కాంగో ప్రధాని లుముంబాను 1961 జనవరిలో చంపారు. అందులో తమకు నైతిక బాధ్యత ఉందని, అంతకుముందు కాంగోను ఏలిన బెల్జియం పార్లమెంటు విచారణే నలభై ఏళ్లకు ఒప్పుకుంది. దోచుకుంటున్నాడని తెలిసీ అతనికి అప్పులు ఇస్తూ పోయారు. అతను పోయాక ఆ అప్పు మిగిలింది, జనం నెత్తిన.

మీరు పెరిగిన పరిస్థితి గురించి చదివి బాధ కలిగింది. ఆ రేడియో ప్రసంగాలు అబద్ధమని ఒప్పుకుంటాను. కానీ ఆ రేడియో నడపడానికి డబ్బు ఎక్కడిదో కూడా అడగాలి కదా.

నేలచూపు

అడగాలి. ఆ మాట ఒప్పుకుంటున్నాను. భూసంస్కరణ గురించి మీరు చెప్పింది ఆలోచించవలసిన విషయం.

దూరతీరం

నేను నర్సును. పదకొండేళ్లుగా వేరే దేశంలో పనిచేస్తున్నాను. సిద్ధాంతాలు నాకు పెద్దగా తెలియవు. లెక్కలపిచ్చి గారు చెప్పిన ఆ ‘సరిహద్దు’ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

అక్కడ చేసిన పనే ఇక్కడ చేస్తున్నాను. అవే చేతులు, అవే సూదులు, రోగుల నొప్పి కూడా అదే. విమానం దిగినందుకు నా జీతం ఎన్నో రెట్లయింది. నా నైపుణ్యం ఒక్క రాత్రిలో పెరగలేదు కదా. ఇంకా చెప్పాలంటే, నా పాత అనుభవాన్ని ఇక్కడ రెండేళ్లు లెక్కలోకే తీసుకోలేదు. కింది స్థాయి పనిచేస్తూ పరీక్షలు రాశాను. పంపిన ఏజెన్సీ ఇంకో ఏడాది సంపాదన మింగేసింది.

నా చదువుకు ఖర్చు పెట్టింది నేను పుట్టిన దేశం. ప్రభుత్వ కాలేజీ, ప్రభుత్వ ఆసుపత్రిలో శిక్షణ. పంట మాత్రం ఇక్కడ కోస్తున్నారు. నేను వదిలి వచ్చిన వార్డులో రాత్రి ఇద్దరు నర్సులు యాభై మందిని చూసుకునేవాళ్లం. నేను వచ్చేశాక ఒక్కరే అయ్యారు. ఆ ఒక్కరు నా స్నేహితురాలు. ఆ సంగతి తలచుకోని రోజు లేదు.

అయినా వెనక్కి వెళ్తానా అంటే వెళ్లను. నేను పంపిన డబ్బుతో తమ్ముళ్లు ఇద్దరూ చదువుకున్నారు, అమ్మ ఆపరేషను జరిగింది. ‘మేధో వలస’ అని మమ్మల్ని తప్పుపడుతూ రాసేవాళ్లు ఆ లెక్క కూడా వేయాలి.

లెక్కలపిచ్చి

దూరతీరం గారూ, మీరు రాసింది ఏ పట్టికలోనూ కనిపించదు. ధన్యవాదాలు.

మీరు చెప్పిన లెక్క ఎవరో వేశారు కూడా. వలస వెళ్లినవాళ్లు తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోని ఇళ్లకు పంపే డబ్బు 2023లో 65,000 కోట్ల డాలర్లు దాటింది. ధనిక ప్రభుత్వాలు ఇచ్చే అభివృద్ధి సాయం అంతా కలిపినా అందులో సగానికి రాదు. జాతీయాదాయంలో 0.7 శాతం ఇస్తామని 1970లో ఐక్యరాజ్యసమితి సాక్షిగా మాట ఇచ్చిన దేశాల్లో దాన్ని నిలబెట్టుకున్నవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మరి ఇంటికి పంపే ఆ డబ్బులో సగటున 6 శాతానికి పైగా పంపించే సంస్థల రుసుముకే పోతోంది. 2030 నాటికి 3 శాతానికి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు.

మీరు వదిలి వచ్చిన వార్డు గురించి: సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న దేశాల నుంచి పనిగట్టుకుని నర్సులను, డాక్టర్లను తీసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో నియమావళి తెచ్చింది. స్వచ్ఛందం, అంటే పాటించకపోయినా శిక్ష లేదు.

పాతబెంచీ

దూరతీరం అమ్మా, నీ నాలుగు పేరాల్లో నా ముప్పై ఏళ్ల పాఠం ఉంది. దీన్నే ‘సంరక్షణ గొలుసు’ అంటారు మా శాస్త్రంలో. ఒక దేశపు ముసలివాళ్లను చూసుకోవడానికి ఇంకో దేశపు ఆడపిల్ల వెళ్తుంది. ఆమె పిల్లలను చూసుకోవడానికి ఇంకా పేద ఇంటి నుంచి ఇంకొక ఆడమనిషి వస్తుంది. ఆమె పిల్లలను ఆమె పెద్ద కూతురు చూసుకుంటుంది, బడి మానేసి. గొలుసు చివర ఎప్పుడూ జీతంలేని ఒక ఆడపిల్లే ఉంటుంది.

ఇక కొత్తచిగురు అడిగిన అసలు ప్రశ్న. ఎర్రమట్టి, నేలచూపు ఇద్దరూ పోట్లాడుతూనే ఒక చోటికి వచ్చారు, గమనించారో లేదో. కార్డోసో, ఫలేటో అనే ఇద్దరు లాటిన్ అమెరికా సమాజశాస్త్రవేత్తలు 1960ల చివర ఇదే తగవు మధ్యలో నిలబడి ఒక మాట చెప్పారు. బయటి శక్తి నేరుగా ఒక దేశాన్ని శాసించజాలదు. లోపల ఎవరి ప్రయోజనం దానితో ముడిపడుతుందో ఆ వర్గం ద్వారానే పనిచేస్తుంది. కాఫీ తోటల యజమాని, గని కాంట్రాక్టరు, సైన్యాధికారి, దిగుమతి వ్యాపారి. ‘బయట’ అనేది లోపలే ఒక ఇల్లు కట్టుకుని కాపురముంటుంది. కాబట్టి లోపలా, బయటా అని అడిగితే జవాబు రాదు. ఏ తలుపు గుండా, ఎవరు తీస్తే లోపలికి వచ్చింది అని అడిగితే ప్రతి దేశానికీ వేరే జవాబు వస్తుంది. కొరియాలో ఆ తలుపు దగ్గర కాపలా ఉండే భూస్వామి అప్పటికే లేడు.

(ఆ కార్డోసోయే 1995లో బ్రెజిల్ అధ్యక్షుడయ్యాడు, ఎనిమిదేళ్లు పాలించాడు. ప్రభుత్వ సంస్థలను అమ్మాడని పాత మిత్రులే ఆయన మీద విరుచుకుపడ్డారు. సిద్ధాంతం రాసినవాడు ఆ తలుపు దగ్గరే నిలబడవలసి వచ్చింది. విద్యార్థులకు ఇది చెప్పినప్పుడల్లా తరగతి గది నిశ్శబ్దమైపోయేది.)

వానచినుకు

చిన్న సందేహం. అప్పుల సంగతి మధ్యలో వచ్చింది. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) షరతులు అంటారే, ఆ కథ ఎక్కడ మొదలైంది? మామూలు మనిషి ఇంట్లో దాని ప్రభావం ఎలా ఉంటుంది?

లెక్కలపిచ్చి

1970లలో చమురు ధర పెరిగి, ఆ డబ్బు పశ్చిమ దేశాల బ్యాంకుల్లో పేరుకుంది. వాళ్లు పేద దేశాలకు మారే వడ్డీ మీద ధారాళంగా అప్పులిచ్చారు. అమెరికా తన ద్రవ్యోల్బణం తగ్గించుకోవడానికి వడ్డీరేట్లు ఎత్తేసింది, 1981లో 20 శాతం దగ్గరికి తాకింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి ఇంకెక్కడో కిస్తీ పెరిగింది. సరిగ్గా అప్పుడే ముడిసరుకుల ధరలు పడ్డాయి. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనంది. ఆ వెనక వరసగా డజన్ల దేశాలు.

ఆదుకుంటాం గానీ షరతులున్నాయన్నారు: సబ్సిడీలు కోయండి, ప్రభుత్వ ఉద్యోగాలు తగ్గించండి, కరెన్సీ విలువ దించండి, బడికీ ఆసుపత్రికీ రుసుము పెట్టండి. నిర్మాణాత్మక సర్దుబాటు అని దానికి పేరు. ఇంట్లో ప్రభావం అడిగారు కదా, తిరగేసి చూస్తే బాగా తెలుస్తుంది. కెన్యా 2003 జనవరిలో ప్రాథమిక బడి ఫీజులు ఎత్తేసింది. ఆ ఏడాదే పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడికి వచ్చారు. వాళ్లకు చదువు విలువ తెలియక ఇంటి దగ్గర ఉండిపోలేదని అర్థమైంది కదా.

షరతులు పెట్టే చోట ఓటు ఎవరిదంటే: ఐఎంఎఫ్‌లో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికాకే 16 శాతానికి పైగా ఉన్నాయి. తీసివేత మీరే చేయండి.

ఎర్రమట్టి

ఓట్ల గురించి వచ్చింది కాబట్టి పత్తి కథ చెప్పి ఊరుకుంటాను.

అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలతో ప్రపంచ ధర పడిపోతోందని బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 2005లో ఆఖరి అప్పీలులోనూ గెలిచింది. అమెరికా సబ్సిడీ పూర్తిగా తీసేయలేదు. 2010లో, ఎదురు సుంకాలు వేయకుండా ఉండేందుకు బ్రెజిల్‌కు ఏటా 14.7 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పందం చేసుకుంది. అది బ్రెజిల్ పత్తి రైతుల మేలుకే వెళ్లింది, మంచిదే. మరి అదే ధర పడి నష్టపోయామని 2003లోనే మొర పెట్టుకున్న బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ? వాళ్ల దగ్గర అమెరికాను బెదిరించేంత మార్కెట్టు లేదు. ఆ ఒప్పందంలో వాళ్లకు చోటు లేదు. చట్టం అందరికీ ఒకటే, దాన్ని అమలు చేయించుకునే బలం మాత్రం సరుకుతో పాటు తూకం వేసి ఇస్తారు.

గాలిమర

కానీ కొన్నిసార్లు బలం లేనివాళ్లూ గెలిచారు, అది కూడా ఇక్కడ ఉండాలి. 2000 సంవత్సరంలో ఎయిడ్స్ రోగికి ఏడాది మందులకు 10,000 డాలర్లకు పైగా అయ్యేది. ఆ ధరకు పేటెంట్లు రక్షణగా ఉన్నాయి. ఆఫ్రికాలో జనం మందు ఉండీ చచ్చిపోతున్నారు. చవక మందులకు దారితీసే చట్టం చేసినందుకు 39 మందుల కంపెనీలు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద దావా వేశాయి. రోగులు వీధుల్లోకి వచ్చారు. 2001 ఫిబ్రవరిలో సిప్లా అనే మన దేశపు మందుల కంపెనీ ఆ మందుల కలయికనే ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. ఏప్రిల్‌లో కంపెనీలు దావా వెనక్కి తీసుకున్నాయి, నవంబరులో దోహాలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో పేటెంటు ఒప్పందం ప్రజారోగ్యానికి అడ్డం రాకూడదని ప్రకటన వచ్చింది. ఏడాది లోపే ఇంత జరిగింది.

ఈలోగా చనిపోయినవాళ్లు మాత్రం తిరిగి రారు.

ఇంకొకటి, పరాధీనత గురించి మాట్లాడేటప్పుడు బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీల్లోని ఆడవాళ్లను ఒట్టి బాధితులుగా చూడొద్దు. 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి, అయినా పనిలోకి పంపారు. అది హత్యతో సమానమని నా అభిప్రాయం. కానీ ఆ ఫ్యాక్టరీలు మూసేయాలని అక్కడి కార్మికులు అడగలేదు. భద్రత, సంఘం పెట్టుకునే హక్కు, మంచి కూలీ అడిగారు. ఢాకా కార్మికురాళ్లతో మాట్లాడి పరిశోధకురాలు నైలా కబీర్ రాసింది చదవండి. సొంత సంపాదన వచ్చాక ఇంట్లో తమ మాటకు విలువ పెరిగిందని చెప్పిన ఆడవాళ్లు అందులో ఉన్నారు. దోపిడీ, స్వేచ్ఛ ఒకే జీతంలో కలిసి రావచ్చు. మన సిద్ధాంతం అది మోయగలగాలి.

దూరతీరం

గాలిమర గారూ, ఆ ఆఖరి మాట నా గురించే రాసినట్టుంది.

కొత్తచిగురు

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. అన్ని దేశాల మీద రాయబోయి ఏ దేశం మీదా రాయలేకపోతున్నానని అర్థమైంది. ఒక్క జాంబియా మీదే రాస్తాను. మాస్టారు చెప్పిన ‘ఏ తలుపు, ఎవరు తీశారు’ అన్నదాన్ని పట్టుకుని రాగి వెంట నడుస్తాను.

ఇప్పటిదాకా పోగుచేసింది ఇది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతుల్లో 90 శాతానికి పైగా రాగే. 1969లో తొలి అధ్యక్షుడు కౌండా ప్రభుత్వం గనుల్లో 51 శాతం వాటా తీసుకుంటామని ప్రకటించింది. అయిదేళ్లకే ధర కూలింది, అప్పు మొదలైంది. 1986 డిసెంబరులో షరతుల ప్రకారం మొక్కజొన్న పిండి సబ్సిడీ తీసేస్తే కాపర్‌బెల్టు రగిలింది, జనం చనిపోయారు. సబ్సిడీ మళ్లీ పెట్టారు, 1987లో ఐఎంఎఫ్‌తో తెగతెంపులు చేసుకున్నారు, కొన్నాళ్లకే మళ్లీ ఆ తలుపే తట్టారు. 2000 నాటికి గనులు దాదాపు అన్నీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. 2005 ప్రాంతంలో పాత అప్పు చాలావరకు మాఫీ అయింది. 2012 నుంచి అంతర్జాతీయ బాండ్లతో కొత్త అప్పు. 2020 నవంబరులో చేతులెత్తేసింది.

ఏదైనా వదిలేశానా?

నేలచూపు

వదిలేశారు. 1972 చివర్లో కౌండా ఏకపార్టీ పాలన తెచ్చాడు. రాగి ధర కూలడానికి ముందే. ఆయన అప్పులు తెచ్చిన ఏళ్లన్నింటిలో ఎందుకు తెస్తున్నావని సభలో అడిగే ప్రతిపక్షం లేదు. అది ఐఎంఎఫ్ పెట్టిన షరతు కాదు. 1991లో ఎన్నికలు వచ్చి ఆయన ఓడిపోయాడు, ఓటమిని ఒప్పుకుని దిగిపోయాడు, అది కూడా రాయండి. గనులు అమ్మింది ఆ ఎన్నికల్లో గెలిచినవాళ్లే. వాళ్ల నాయకుడు చిలూబా అంతకుముందు కార్మిక సంఘాల నాయకుడు.

ఎర్రమట్టి

నేలచూపు గారు చెప్పింది తప్పక పెట్టండి. దాని పక్కనే, 1964లో బ్రిటిషువాళ్లు వదిలి వెళ్లేనాటికి ఆ దేశంలో డిగ్రీ చదివిన ఆఫ్రికన్లు వంద మంది చుట్టూ మాత్రమే ఉన్నారని కూడా పెట్టండి.

పాతబెంచీ

రెండూ ఒకే పేరాలో పెట్టమ్మా. విడగొట్టకు.

ఇంకొకటి. నువ్వు పోగుచేసినదాంట్లో ప్రభుత్వం ఉంది, ఐఎంఎఫ్ ఉంది, గనుల కంపెనీలు ఉన్నాయి, బాండ్లు కొన్నవాళ్లు ఉన్నారు. 1986లో పిండి కోసం రోడ్డెక్కినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. వాళ్లు ఏమన్నారో వెతుకు. అప్పటి పత్రికల్లో, పరిశోధకుల ఇంటర్వ్యూల్లో దొరకొచ్చు.

కొత్తచిగురు

వెతుకుతాను మాస్టారూ. మొదటి ముసాయిదా అయ్యాక ఇక్కడే పెడతాను. దూరతీరం గారూ, మీరు అనుమతిస్తే ఆ వార్డు గురించి మీరు రాసిన మాటలు పేరు లేకుండా వాడుకోవచ్చా?

దూరతీరం

వాడుకో తల్లీ. ఇద్దరు నర్సులు, యాభై మంది రోగులు. ఆ అంకెలు మాత్రం అలాగే ఉంచు.